ఊరంతా లావెక్కిన రోజులు

మా తోటికోడలిని వీధిలో అందరూ ఇంచీలమ్మ అంటారు. ఎవరైనా ఎదురుపడితే ఆవిడ ముందు మొహం చూడదు, భుజాలు చూస్తుంది. "ఎడమ భుజం దిగింది, సంచీ ఎప్పుడూ ఆ పక్కనే మోస్తారా?" అని అడిగాక గానీ బాగున్నారా అని అడగదు. నేను ఆ ఇంటి కోడలిగా అడుగుపెట్టిన రోజున కూడా నన్ను ఎగాదిగా చూసి, నా గౌను చంకల దగ్గర పట్టేస్తోందని అందరి ముందూ అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం తిరక్కుండానే ఆ గౌను అడిగి తీసుకుని, విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చింది. వేసుకుంటే ఒంటికి అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత నేను ఆవిడ దుకాణంలో రెండో మిషను ముందు కూర్చున్నాను, ఇంకా లేవలేదు. ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి చెవిలో జోరీగని.

మాది చిన్న దుకాణం. ఎదురుగా లాండ్రీ, పక్కన చెప్పులు బాగుచేసే ఆయన. లోపల రెండు మిషన్లు, కిటికీ వెంట కటింగ్ బల్ల, మూలన తెర కట్టిన ట్రయల్ గది. బల్ల అంచుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇనప స్కేలు బిగించి ఉంటుంది. మనిషిని టేపుతో కొలుస్తాం, ఆ కొలతను స్కేలు చూసుకుంటూ గుడ్డ మీద సుద్దతో గీస్తాం. స్కేలు ఇద్దరిదీ. కత్తెరా టేపూ మాత్రం ఎవరివి వాళ్ళవే, ఒకరివి ఒకరు ముట్టుకోకూడదు. అది అక్క పెట్టిన చట్టం. నాది ప్లాస్టిక్ టేపు. ఆవిడది గుడ్డ టేపు. ప్లాస్టిక్‌ది మెడకి చల్లగా తగులుతుందని ఆవిడకి గిట్టదు. గుడ్డ టేపుని అప్పుడప్పుడూ స్కేలు పక్కన పరిచి సరిచూసుకోవాలని నాకు నేర్పింది కూడా ఆవిడే.

ఆవిడ పనిలో ఇంకో విశేషం ఉంది. ఏది కుట్టినా లోపల, కుట్టుకి అవతల, బొటనవేలంత గుడ్డ వదిలేస్తుంది. అంత గుడ్డ దండగ కదా అని నేను గొణుగుతాను. "మనిషి ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. రేపు కూడా అదే బట్ట వేసుకోవాలిగా?" అంటుంది. ఏళ్ళ తర్వాత అదే బట్ట తెచ్చి కాస్త వదులు చేయమని ఎవరైనా అడిగినప్పుడు, కుట్టు విప్పుతూ నా వైపు ఒక చూపు చూస్తుంది. నేను చూడనట్టు దారం ఎక్కించుకుంటాను.

ఆ మధ్య మా పేట ఆస్పత్రి వాళ్ళు మా వయసు ఆడవాళ్ళందరినీ గర్భాశయ ముఖద్వారం స్క్రీనింగ్‌కి రమ్మని పిలిచారు. కాన్సర్ వచ్చాక కనుక్కోవడం కాదు, రాకముందే అక్కడి కణాల్లో మార్పులేమైనా ఉన్నాయేమో చూసే పరీక్ష. అక్క రానంది. కోట్ల పని ఉంది, చలి మొదలవుతోంది, నాకేం రోగం అంది. నేనే లాక్కెళ్ళాను. నర్సు పని చిటికెలో అయిపోయింది. సిగ్గు తప్ప ఇంకేమీ లేదు. వస్తూ వస్తూ దారిలో ఐస్‌క్రీం కూడా తిన్నాం.

నాకు అంతా మామూలేనని ఫోన్లో మెసేజ్ వచ్చింది. అక్కకి మెసేజ్ రాలేదు, ఫోన్ వచ్చింది.

అప్పుడు ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెడలోని టేపుని రెండు చేతులకీ చుట్టుకుంటూ, "ఊఁ... ఊఁ... అలాగేనండీ," అంది. టేపు బిగిసి వీణతీగలా అయింది. ఫోను పెట్టేశాక కూడా చేతులు వదల్లేదు.

"ఏంటక్కా?"

"కొన్ని కణాలు మామూలుగా లేవట. డాక్టరు భూతద్దం లాంటి దానితో దగ్గరగా చూడాలట. కంగారు పడొద్దని నర్సు చెప్పింది."

"మరింకేం? ఇంకా ఏదీ తేల్లేదన్నమాట. చూస్తే తేలుతుంది."

"కంగారు పడాల్సింది లేకపోతే పడొద్దని ఎందుకు చెప్తారే?"

నాది బాగుండి, నేను లాక్కెళ్ళిన మనిషిది బాగోకపోవడం నాకు మింగుడుపడలేదు. అక్క మాత్రం ఒక్కటే మాట అంది. "మీ బావగారికి చెప్పావంటే చంపేస్తాను." నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలుసు.

డాక్టరు దగ్గర ఖాళీ దొరకడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు అక్కకి ఎలా గడిచాయో దేవుడికెరుక. నాకు ఎలా గడిచాయో మాత్రం చెప్పగలను. ఆవిడ చెయ్యి టేపు మీద నుంచి దిగేది కాదు. బస్సు కోసం నిలబడితే టేపు, మిషను ముందు కూర్చుని ఆలోచనలో పడితే టేపు. రెండు కొసలూ పట్టుకుని లాగడం, వదలడం, మళ్ళీ లాగడం. మధ్యాహ్నం పూట ఫోనులో ఏవేవో చదివేది. చదివినప్పుడల్లా ఒక కొత్త లక్షణం ఆవిడకి వచ్చి చేరేది. సోమవారం నడుం నొప్పి, మంగళవారం కాళ్ళ పీకులు. బుధవారం ఏమీ లేకపోతే, ఏమీ లేకపోవడమే ప్రమాదమని ఎక్కడో చదివి చెప్పేది. ఒకసారి ఆ ఫోను లాక్కుని గుడ్డపేలికల డబ్బాలో పడేశాను. గొడవైంది. ఫోను తీసుకుంది.

ఆ తర్వాత తెర వెనక సంగతి మొదలైంది. దుకాణం తెరవగానే అక్క ట్రయల్ గదిలోకి వెళ్ళి తెర లాగేసుకునేది. కాసేపటికి బయటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఒకరోజు టేపు చేతిలో పట్టుకునే బయటికొచ్చింది.

"నడుం అరంగుళం తగ్గింది," అంది.

"మంచిదేగా. ఎంతమంది దానికోసం చచ్చిపోతున్నారు!"

"నేను మామూలుగానే తింటున్నా. తింటూ తగ్గడమేంటి? అలా తగ్గితే దేనికని రాశారో తెలుసా నీకు?"

నాకు తెలియదు, తెలుసుకోదలుచుకోలేదు కూడా. పైపెచ్చు ఆవిడ నాకేమీ తగ్గినట్టు కనిపించలేదు. కానీ మనిషిని చూసి చొక్కా కొలత చెప్పగలిగే ఇంచీలమ్మకి నీ నడుం తగ్గలేదని నేనేం చెప్పను? మరో వారానికి ఇంకో అరంగుళం పోయిందంది. అప్పటికి నాకూ లోపల భయం మొదలైంది. పైకి మాత్రం వెక్కిరిస్తూనే ఉన్నాను. వెక్కిరించడం మానేస్తే నేను కూడా నమ్మానని ఆవిడకి తెలిసిపోతుంది.

ఆవిడ ఇంట్లో కూర్చుని తన గౌన్లన్నీ ఒక అంగుళం బిగించి కుట్టుకుంది. వదులు బట్టలేసుకుని తిరిగితే సన్నబడ్డట్టు బావగారు కనిపెట్టేస్తారట. గౌన్లు బిగించాక ఇంకో లక్షణం వచ్చిపడింది. ఛాతీ పట్టేస్తోంది, మెట్లెక్కితే ఊపిరాడ్డం లేదు అని. ఇదిగో, ఊపిరితిత్తుల దాకా పాకింది అంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఇక బావగారి సంగతి. ఆయన ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ రిపేరు చేస్తారు. మాటకి మాట లెక్క చూసుకుని మాట్లాడే మనిషి. ఒక సాయంత్రం ఆయన దుకాణం బయట నిలబడి, అక్క లోపల ఉందని చూసుకుని, నన్ను సైగ చేసి పిలిచారు.

"మీ అక్కకి నా మీద కోపమా అమ్మా?"

"అదేం లేదు బావగారూ. ఏమైంది?"

"రోజూ వంట నేర్పిస్తోంది. పప్పులెక్కడుంటాయో, గ్యాసు అయిపోతే ఎవరికి ఫోను చెయ్యాలో, దుప్పట్లు ఏ నీళ్ళల్లో నానబెట్టాలో అన్నీ చెప్తోంది. నిన్న బొత్తాం కుట్టించింది నాచేత. మూడుసార్లు గుచ్చుకుంది." ఆయన బొటనవేలు చూపించారు. "నన్ను వదిలేసి వెళ్ళిపోదామనుకుంటోందా?"

అసలు సంగతి నా నోటి దాకా వచ్చింది. "కొత్త సరదా బావగారూ, ఓపిక పట్టండి," అని లోపలికి వచ్చేశాను. ఆ రోజు నేను కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతులే అయ్యాయి.

ఇంతలో దుకాణంలో ఇంకో పీడ పట్టుకుంది. బట్టలు వెనక్కి రావడం మొదలైంది. ముందు స్కూలు టీచరమ్మ వచ్చింది, స్కర్టు నడుం దగ్గర పట్టేస్తోందని. అక్క కొలిచి కుట్టింది పట్టేయడమా? నేను ఒంటికాలి మీద లేచాను. "మీరే కాస్త ఒళ్ళు చేశారు మేడమ్," అని నవ్వుతూనే చెప్పాను. ఆవిడ పాపం నిజమేననుకుని సాయంత్రాలు గ్రౌండు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. తర్వాత హోటల్ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి వచ్చింది, కోటు బొత్తాలు పడటం లేదని. ఆ పిల్ల కాఫీలో చక్కెర మానేసింది. తర్వాత లాండ్రీ ఆయన పాంటు. ఆయన మానేయడానికి ఏమీ లేక నా మీద విసుక్కుని వెళ్ళాడు.

అక్క ఆ బట్టల కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి వదులు చేస్తూ, నెమ్మదిగా అంది. "చూశావా, ఊరంతా లావెక్కుతోంది. నేనొక్కదాన్నే కరిగిపోతున్నా."

ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. అప్పుడు ఆవిడ ఆ మాట అంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, గుడ్డ మడత పెడుతూ, పొద్దుటి వాన గురించి చెప్పినట్టు చెప్పింది.

"నేను ఆస్పత్రికి వెళ్ళడం లేదు."

"ఏం?"

"ఏం చెప్తారు? ఆలస్యమైపోయిందని చెప్తారు. ఆ మాట వినడానికి బస్సెక్కి అంతదూరం పోవాలా? నాకు తెలిసిందే కదా. నా ఒళ్ళే చెప్తోంది."

"నీ ఒళ్ళు డాక్టరీ ఎప్పుడు చదివింది?"

"నువ్వు వెటకారం ఆపు."

"నువ్వు వెళ్తానను, ఆపుతా."

అనలేదు. ఆ రోజంతా మా ఇద్దరి మధ్యా మిషన్లే మాట్లాడాయి. నాకు భయం వేసింది, దాచుకోవడానికేమీ లేదు. ఆ పరీక్ష ఎందుకు పెట్టారు? ముందే పట్టుకుంటే చిన్నదాంతో పోతుందని. ఈవిడ గోరంతను కొండంత చేసుకుని, ఆ కొండ కింద తనే కూర్చుని, కదలనంటోంది. నిజంగా గోరంతే అయితే, వెళ్ళకపోవడం వల్లే అది కొండయ్యేలా ఉంది. బావగారికి చెప్పేద్దామని ఆ సాయంత్రం నిర్ణయించుకున్నాను. మర్నాడు దుకాణం కట్టేశాక చెప్దామనుకున్నాను. చంపేస్తే చంపేసింది.

మర్నాడు ఉదయం బస్సు నడిపే ఆవిడ వచ్చింది. మా వీధి మీదుగా వెళ్ళే బస్సుకి ఆవిడే డ్రైవరు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. కొత్త యూనిఫాం పాంటు మా దగ్గరే కుట్టించుకుంది. లోపలికి వస్తూనే ఆ పాంటుని బల్ల మీద దభీమని పడేసింది.

"ఇది నాకు కుట్టారా, మా అమ్మాయికి కుట్టారా?"

నేను అలవాటుగా మొదలుపెట్టాను. "మీరు కాస్త ఒళ్ళు..."

"ఒళ్ళా? అమ్మా, వింటావా! మొన్ననే డిపోలో మా అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. కిందటేడు ఎంతున్నానో ఇప్పుడూ అంతే ఉన్నా, గ్రాము తేడా లేదు. నా పాత పాంటు నాకు సరిపోతోంది, ఇదిగో వేసుకునే వచ్చా. మీ కొత్తది తొడల దగ్గరే ఆగిపోయింది. బస్సులో బ్రేకు మీద కాలెత్తి పెట్టాలా వద్దా నేను?"

అక్క తలెత్తకుండా, "మళ్ళీ కొలుస్తా రండి," అంది. మెడలోంచి టేపు తీసి ఆవిడ నడుం చుట్టూ వేసింది. "ముప్పై ఎనిమిది. అంతే కుట్టాను."

"ముప్పై ఎనిమిదా? నేను కాలేజీలో ఉన్నప్పుడు ముప్పై ఎనిమిది," అంది బస్సావిడ.

మా అక్కని ఎవరైనా ఒక మాట అంటే నాకు తిక్క రేగుతుంది. అనే హక్కు నా ఒక్కదానిదే. ఆ తిక్కలో చట్టం మర్చిపోయాను. అక్క చేతిలోంచి టేపు లాక్కుని, "ఇటు రండి, మీ కళ్ళతో మీరే చూడండి, ఇనప స్కేలు అబద్ధం చెప్తుందా?" అంటూ తీసుకెళ్ళి బల్ల అంచు వెంట పరిచాను. మొదటి గీతని మొదటి గీతకి ఆనించి, వేళ్ళతో సాపు చేసుకుంటూ పోయాను. టేపు మీద పది వచ్చేసరికి స్కేలు మీది పది అప్పటికే వెనకబడి ఉంది. ఇరవై దగ్గర ఇంకా వెనక. ముప్పై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి స్కేలు నలభై దాకా పోయింది.

ముగ్గురం వంగి చూశాం. నేను టేపు ఎత్తి మళ్ళీ పరిచాను. మళ్ళీ అంతే.

"ఇది సాగిపోయింది," అంది బస్సావిడ, గొంతు తగ్గించి.

సాగింది. సాగక ఏమవుతుంది? ఫోను వచ్చిన రోజునుంచీ ఆ గుడ్డ టేపుని పట్టుకుని రెండు చేతులా లాగుతూనే ఉంది కదా. గీతలు ఎడమైపోయాయి. నలభై ఉన్న మనిషి దానికి ముప్పై ఎనిమిదిగా కనిపిస్తోంది. ఆ ముప్పై ఎనిమిదిని స్కేలు మీద చూసి కోస్తే పాంటు పట్టేయక ఏం చేస్తుంది? టీచరమ్మ లావెక్కలేదు, రిసెప్షన్ పిల్ల లావెక్కలేదు, లాండ్రీ ఆయన అసలే లావెక్కలేదు. అందరికీ నేను లేని ఒళ్ళు అంటగట్టాను. ఇదంతా నా బుర్రలో తిరుగుతుండగా అక్క వైపు చూశాను. ఆవిడ టేపు వైపు చూడటం లేదు. రెండు చేతులూ తన నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"నీ టేపు ఇవ్వు," అంది.

చట్టం పెట్టిన మనిషే అడిగింది. ఇచ్చాను. తెర వెనక్కి వెళ్ళను కూడా లేదు. అక్కడే, బస్సావిడ ముందే, చుట్టుకుంది. చూసింది. విప్పి మళ్ళీ చుట్టుకుంది. తర్వాత బల్లమీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది, మళ్ళీ నవ్వైంది.

"ఎప్పుడూ ఎంతో అంతే," అంది. "అంతే ఉన్నానే!"

"మరి ఊపిరాడ్డం లేదన్నావు?"

"అంగుళం బిగించి కుట్టుకున్న గౌనులో ఎవరికి ఆడుతుంది?"

బస్సావిడకి ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పకూడదు. అక్కే చెప్పింది. స్క్రీనింగ్, ఫోను, కొలుచుకోవడం, అన్నీ, బయటి మనిషికి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. బస్సావిడ విని, "అయ్యో, నాకూ నాలుగేళ్ళ కిందట అలాగే ఫోనొచ్చింది. వెళ్ళాను, చూశారు, ఓ చిన్న చికిత్స చేశారు, పోయింది. మళ్ళీ బస్సెక్కాను," అంది. అంత మామూలుగా అంది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వెళ్తూ వెళ్తూ బస్సావిడ, "టేపు సరే, ఆస్పత్రి మాటేంటి?" అని అడిగింది.

అక్క సాగిన టేపుని పేలికల డబ్బాలో పడేసింది. "సన్నబడలేదని తేలింది. ఆ కణాల సంగతి తేలలేదు. వెళ్తా," అంది.

నా ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ ఎదుట మాత్రం, "పాంటు ఎప్పటికి కావాలి మీకు?" అని అడిగాను.

ఆ రాత్రి అక్క బావగారికి చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మర్నాడు మాత్రం ఆయన దుకాణానికి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి, "వదిలేసి వెళ్ళిపోవడం కాదటమ్మా, భయమట," అన్నారు. అన్నాక కళ్ళు తుడుచుకున్నారు. భయమనే మాటని అంత సంతోషంగా పలికిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ముగ్గురం వెళ్ళాం. బావగారు బయట బెంచీ మీద కూర్చుని అక్క సంచీని ఒళ్ళో పెట్టుకున్నారు. నన్ను లోపలికి రానిచ్చారు, తల వైపు కుర్చీలో. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. చేసే ప్రతిదీ ముందు చెప్పి చేసింది. ఇప్పుడు కాస్త చల్లగా తగులుతుంది, ఇప్పుడు కాస్త మంటగా ఉంటుంది, ఇప్పుడు చిన్న ముక్క తీస్తున్నాను, చిటుక్కుమంటుంది అని. అక్క నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని లాగింది. లాగనీ అనుకున్నాను. నా చెయ్యి సాగదు.

దిగాక అక్క, "నేను సన్నబడ్డాననుకున్నానండీ. టేపు సాగింది," అని చెప్పింది. డాక్టరమ్మకి ముందు అర్థం కాలేదు. వివరించాక ఆవిడ అద్దాలు తీసి మరీ నవ్వింది. తర్వాత సీరియస్‌గా చెప్పింది. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకునే వైరస్ వల్ల వచ్చే మార్పు, ఎవరి తప్పూ కాదు, చాలావరకు కాన్సర్ కాదు, ఎంత తీవ్రమో ముక్క పరీక్ష చెప్తుంది అని. అంటే మళ్ళీ ఎదురుచూడటం. బయటికి పంపిస్తూ నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. భయం వస్తే వద్దనకండి, రోజులో దానికంటూ ఒక వేళ ఇవ్వండి, మిగతా వేళ వస్తే తర్వాత రమ్మనండి అని.

అది అక్కకి నచ్చింది. కస్టమర్లతో చేసే పనే కదా. పొద్దున కుడుతూ కుడుతూ చెయ్యి మెడ దగ్గరికి పోగానే, "ఇప్పుడు ఖాళీ లేదు, సాయంత్రం ట్రయల్‌కి రండి," అనేది పైకే. ఒకసారి నిజం కస్టమరు గుమ్మంలో ఉండగా అంది. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయి నిజంగానే సాయంత్రం వచ్చింది. సాయంత్రం టీ పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం, అక్క భయపడేది, నేను వినేదాన్ని. కొన్ని రోజులు భయం ఆ వేళకి రానే రాలేదు. కొన్ని రోజులు వేళ కాని వేళలో వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు ఆవిడ కొత్త టేపుని ముట్టుకోకుండా నా మోచెయ్యి పట్టుకునేది. అప్పుడు నేను ఒంటిచేత్తో కుట్టేదాన్ని.

ఫోను వచ్చినప్పుడు అక్క బల్ల దగ్గరే ఉంది. ఈసారి ఫోనుని ఇద్దరికీ వినపడేట్టు పెట్టింది. మార్పు ఉంది, తక్కువ స్థాయిది, చికిత్స ఇప్పుడేమీ అక్కర్లేదు, చాలామందిలో దానంతట అదే పోతుంది, ఏడాదికి మళ్ళీ వచ్చి చూపించుకోండి, మానకండి. అంతే. "ఏడాదికా?" అని అక్క రెండుసార్లు చెప్పించుకుని విన్నది. ఫోను పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, వదిలి, "ఏడాదికటే," అంది నాతో, నేను విననట్టు. పూర్తిగా ఏమీ లేదని అనలేదు వాళ్ళు. అయినా మా ఇద్దరికీ ఆ మాట చాలింది. బావగారికి ఫోను చేస్తే, ఎవరి ఫ్రిజ్ ముందో కూర్చున్న ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

అక్క గౌన్లన్నీ ఇంకా అంగుళం బిగుతుగానే ఉన్నాయి. టేపు సంగతి బయటపడ్డప్పటినుంచీ బావగారి చొక్కాలేసుకుని తిరుగుతోంది. నేను వదులు చేసి పెడతానని ఆ గౌన్లు తెప్పించుకున్నాను. మొదటిది తిరగేశాను. బిగించిన కుట్టు పక్కన గుడ్డ లేదు. రెండోది తిరగేశాను, లేదు. అన్నిటికీ కుట్టు వరకూ కత్తిరించేసి ఉంది. ఊరందరికీ రేపటి కోసం గుడ్డ వదిలే మనిషి, తన బట్టలకి మాత్రం ఇంక అక్కర్లేదనుకుని తీసేసింది. ఆ రోజుల్లో ఆవిడ ఎంత భయపడిందో నేను రోజూ పక్కనే కూర్చుని విన్నాననుకున్నాను. వినలేదని అప్పుడు తెలిసింది.

"ఇవి ఇంక వదులు కావు," అన్నాను.

అక్క ఆ గౌన్ల వైపు చూసింది. "పేలికలకి పనికొస్తాయి," అని, బీరువా తెరిచి, తన కోసమని ఎప్పుడో కొని దాచుకున్న నీలం గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. కొత్త టేపు నా చేతికిచ్చింది. "నువ్వు కొలువు."

కొలిచాను. చెప్పాను. ఆవిడ స్కేలు చూసి సుద్దతో గీసి, ఆ గీతకి అవతల ఇంకో గీత గీసింది. బొటనవేలంత కాదు, దానికి రెండింతలు.

"అంతెందుకక్కా, గుడ్డ దండగ," అన్నాను, అలవాటుకొద్దీ.

"వచ్చే ఏడాదికి ఎలా ఉంటానో," అంది, కత్తెర తీసుకుంటూ. "కాస్త లావెక్కుతానేమో."